చిన్నపిల్లల చేతికి ఏ పుస్తకము?

మంగళగిరినుండి తెనాలికి పోవు దారిలో పెదవడ్లపూడి యను గ్రామము కలదు. అక్కడి కాలువలో ఇప్పుడు పడవ ప్రయాణములు లేవు గాని, ఒకప్పుడు ధాన్యము, ఉప్పు, కట్టెలు, పెండ్లివారు, అందరును పడవలమీదనే పోవుచుండిరి. 1935వ సంవత్సరములో ఆ కాలువమీద ఒక క్రొత్తరకపు పడవ బయలుదేరెను. దానిలోని సరకు పుస్తకములు. దుగ్గిరాల దగ్గరి పెదపాలెము గ్రామస్థులైన పాతూరి నాగభూషణముగారు, కొల్లిపరకును పెదవడ్లపూడికిని నడుమనున్న గ్రామములవారికి పుస్తకములు చేర్చుటకు ఈ పడవ గ్రంథాలయమును నడిపించిరి. బెజవాడలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారి పూనికవలన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది; ఆ యుద్యమము పల్లెలకు ప్రాకిన విధములలో ఇది యొకటి. కృష్ణమీద ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఎనుబది సంవత్సరములు పైరులకు నీళ్లు మోసిన కాలువ, ఆ యేట మనుష్యులకు చదువును మోసెను.

పల్లెలో ఏ వింత వచ్చినను మొదట పరుగెత్తువారు పిల్లలే గదా. పడవ చేరినప్పుడు గట్టుమీద నిలిచిన ఎనిమిదేండ్ల పిల్లవాని చేతిలో పెట్టదగిన తెలుగు పుస్తకములు ఆ రోజులలో ఎన్ని యుండెను? చాల కొద్ది. నీతిపద్యములుండెను, వ్యాకరణములుండెను, పురాణములుండెను, మన మిషను ముద్రాక్షరశాలల కరపత్రములుండెను. పిల్లవాడు తనంతట తాను చదివి, నవ్వుకొని, ఇంకొకటి కావలెనని అడుగు పుస్తకములు మాత్రము అరుదు. పెద్దలు పిల్లలను ప్రేమింపలేదా? ప్రేమించిరి. అయితే పుస్తకము ఎన్నుకొనునప్పుడు వారు ఎదుట నిలిచిన పిల్లవానివైపు చూడక, వాడు పెద్దవాడై ఏమి కావలెనో దానివైపు చూచిరి. మన ప్రాథమిక పాఠశాలల పుస్తకముల చరిత్రయంతయు ఈ చూపు చుట్టునే తిరుగుచున్నదని నా తలంపు. చదువరులు కొంచెము ఓపికతో నాతోకూడ వెనుకకు రావలెను.

పూర్వపు వీధిబడిలో అయ్యవారి యరుగే పాఠశాల. నేలమీద ఇసుక పోసి, పిల్లవాని వ్రేలు పట్టి అక్షరములు దిద్దించుచుండిరి. ‘ఓం నమః’ అను నమస్కారమే పిల్లల నోట ‘ఓనమాలు’ ఐనది. ఇసుక తరువాత పలక, పలక తరువాత తాటాకును గంటమును. కాగితము కొనవలసిన పని లేదు. వచ్చిన పెద్దపిల్లవాడు రాని చిన్నపిల్లవానికి చెప్పును. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయమును చూచుచుండిన ఆండ్రూ బెల్ అను ఆంగ్లికన్ గురువు ఈ ఇసుకవ్రాతను చూచి ఆశ్చర్యపడి, తన బడిలో దానిని ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానినిగూర్చి పుస్తకము ప్రకటించెను. పిమ్మట ఇంగ్లండులో బీదపిల్లల బడులెన్నో ఈ రీతిగా నడచినవి. మన యరుగులమీది పద్ధతి సముద్రము దాటిపోయినదని ఎందరికి తెలియును?

ఆ బడిలో వ్రాత బాగుగనే యుండెను. చిక్కు చదువులో నుండెను. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోగారు రాజధానిలోని అన్ని జిల్లాల కలెక్టర్లను దేశీయ పాఠశాలలనుగూర్చి లెక్కలు అడిగిరి. తెలుగును కన్నడమును కలిసిన బళ్లారి జిల్లానుండి కలెక్టరు కాంబెల్‌గారు 1823లో పంపిన జవాబు ప్రసిద్ధమైనది. తొమ్మిది లక్షలకు పైగా జనమున్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వారిలో బాలికలు 60 మంది. ఇసుకవ్రాతను, పిల్లలు పిల్లలకు చెప్పుకొనుటను ఆయన మెచ్చుకొనెను. పుస్తకముల సంగతి వచ్చునప్పటికి మాత్రము నొచ్చుకొనెను. పిల్లలు వల్లించు పద్యములు వాడుకమాటకు దూరమైన భాషలో నున్నవనియు, వారు చిలుకలవలె పలుకుదురేగాని అర్థమెరుగరనియు, అర్థము చెప్పగల అయ్యవార్లే కొద్దిమంది యనియు వ్రాసెను. ఇది జరిగి రెండువందల యేండ్లు దాటినది. ఈనాడు మన వీధులలో ఇంగ్లీషు పాటను అక్షరము తప్పక అప్పగించి, అందులోని ఒక్క మాటకును అర్థము చెప్పలేని చిన్నదానిని చూచినప్పుడెల్ల నాకు కాంబెల్‌గారి చిలుక జ్ఞాపకము వచ్చును. భాష మారినది, చిలుక మారలేదు.

ఇక అచ్చుపుస్తకము. తెలుగులో మొట్టమొదట అచ్చుపడిన పుస్తకములు మన దేశములో అచ్చుపడలేదు. తరంగంబాడిలోను మద్రాసులోను పనిచేసి జర్మనీకి తిరిగిపోయిన బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ 1746లో హాలె పట్టణమున వాటిని అచ్చువేయించెను. వాటిలో మార్టిన్ లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి యొకటి. లూథరుగారు 1529లో దానిని వ్రాసినది తండ్రులు ఇంట తమ పిల్లలకు నేర్పుకొనుటకే. కాబట్టి తెలుగు అచ్చు పుట్టినప్పుడే పిల్లవాడు దాని యెదుట కూర్చుండెననవచ్చును. అయితే అది ప్రశ్నకు జవాబు అప్పగించు పుస్తకము. అదే ఐరోపాలో అప్పటికి ఎనుబది తొంబది యేండ్లకు ముందే, 1658లో, కొమేనియస్ అను బిషప్పు వేరొక జాతి పుస్తకమును ప్రకటించియుండెను. ప్రతి పుటలోను ఒక బొమ్మ. బొమ్మలోని ప్రతి వస్తువునకు ఒక అంకె. ఆ యంకెకు తగిన మాట లాటినులోను, పిల్లవాని యింటిభాషయైన జర్మనులోను ప్రక్కప్రక్కన. కొలిమి, పొలము, రొట్టె కాల్చు పొయ్యి, అన్నియు పిల్లవాడు ఎరిగినవే. ఎరిగినదానినుండి ఎరుగనిదానికి చేయిపట్టి నడిపించుట ఆ బిషప్పు కనుగొనిన ఉపాయము. ఈ రెండు పుస్తకముల తేడాను చదువరులు మనస్సున ఉంచుకొనవలెను. ముందుకు పోయిన కొలది అది మరల మరల ఎదురగును.

తెలుగుదేశములో 1832లో క్లూలో అను దొరగారి కోరికమీద పుదూరు చదలువాడ సీతారామశాస్త్రిగారు బాలశిక్షను వ్రాసిరి. అదే పెరిగి పెరిగి పెద్దబాలశిక్ష యై, మొన్న మొన్నటివరకు ప్రతి యింటి గూటిలోను నిలిచినది. అక్షరములు, గుణింతములు, ఎక్కములు, సంవత్సరముల పేర్లు, తిథులు, నక్షత్రములు, సామెతలు, అన్నియు ఒక్కచోట. బీదవానికి అదొక సంత. నేను దానిని తక్కువచేసి మాటలాడను. కాని సంతకు పోయిన చిన్నవాడు మొదట మిఠాయి దుకాణమువద్ద నిలుచునుగాని, ఇనుపసామాను దుకాణమువద్ద నిలువడు గదా. 1853లో చిన్నయసూరిగారి నీతిచంద్రిక వెలువడెను. ఎలుక, కాకి, లేడి, తాబేలు స్నేహము చేయు కథలు అవి. అంతకన్న పిల్లలకు తగిన కథలు లోకములో లేవు. ఆ ఎలుక మాటలాడు తెలుగు మాత్రము పండితులది. తరతరములు బడిపిల్లలు ఆ పుస్తకమును టీకతో, ప్రతిపదార్థముతో, బెత్తముతో చదివిరి. కాకి ఎలుకను ఎందుకు పిలిచినదో తెలియుటకు ముందు ఆ మాట ఏ సంధియో చెప్పవలసివచ్చెను.

ఇంతవరకు చెప్పిన బడులలో మన తాతముత్తాతలలో అనేకులకు చోటు లేదు. వారు ఆ యరుగు ఎక్కుటకే సెలవు లేకుండెను. 1842లో గుంటూరునకు వచ్చిన హయ్యరుగారును, 1841లో మచిలీపట్టణమున దిగిన ఫాక్సు, నోబుల్ దొరలును బడులు పెట్టిరి. నోబుల్‌గారి పాఠశాల 1843లో మొదలయ్యెను గాని, అచ్చట చదివినవారు ఎక్కువగా పై కులములవారే. తలుపు నిజముగా తెరువబడినది తరువాత. 1859లో రాఘవాపురము వాస్తవ్యుడైన పగోలు వెంకయ్యగారు బెజవాడలోని డార్లింగు దొరగారివలన బాప్తిస్మము పొందిరి. అప్పటినుండి కృష్ణా మండలపు మాలపల్లెలలోను, పిమ్మట మాదిగపల్లెలలోను సంఘములు లేచినవి. సంఘము లేచినచోటెల్ల బడి లేచినది. ఆదివారము ప్రసంగించు ఉపదేశియే సోమవారము అక్షరములు దిద్దించు పంతులు. పగలు పశువులు కాయు పిల్లలకు రాత్రి దీపము వెలుతురున బడి. ఒకే పాక ఒకప్పుడు దేవాలయము, ఒకప్పుడు పాఠశాల. ఇంట ఎవ్వరికిని అక్షరము రాని పిల్లవాడు మొదటిసారి పలక పట్టినది అక్కడనే.

వాని చేతికి ఏ పుస్తకమిచ్చిరి? 1858లో స్థాపింపబడిన క్రైస్తవ దేశభాషా విద్యాసంఘము, జాన్ మర్డాక్‌గారి శ్రమచేత, అనేక దేశభాషలలో తక్కువ వెలకు వాచకములు అచ్చువేయించెను. ఈ సంఘమే 1891లో క్రైస్తవ సాహిత్య సంఘమను పేరు పొందినది. బీదపిల్లవాడు కొనగల వెలకు పుస్తకము ఉండవలెనని ఇంత పట్టుదలగా పనిచేసినవారు ఆ రోజులలో అరుదు. అయితే వాచకముతోపాటు ఇంకొక బరువు కూడ బడిమీద పడినది. ఇంగ్లండులో 1862లో వచ్చిన నియమమువలెనే మద్రాసు రాజధానిలోను పరీక్షాఫలితములనుబట్టి బడికి ప్రభుత్వపు సొమ్ము ఇచ్చు పద్ధతి వచ్చినది. ఇన్‌స్పెక్టరు దొరగారు వచ్చు దినమున ఎందరు పిల్లలు తప్పులేక చదివిన అంత గ్రాంటు. పంతులు జీతము ఆ గ్రాంటులోనిదే. ఇక పంతులు ఏమి చేయును? ఆ యొక్క వాచకమునే సంవత్సరమంతయు చదివించును. పిల్లవానికి వేరు పుస్తకము చూపుట పంతులుకు నష్టము. పుస్తకము చదువుటకు కాక చూపుటకు ఐనది.

ఇట్టి బడులలో కూడ పిల్లలు నిజముగా చదువ నేర్చిన ఒక పుస్తకము కలదు. దానిని పాఠ్యపుస్తకమని ఎవ్వరును పేరుపెట్టలేదు. అది కీర్తనల పుస్తకము. పిల్లవాడు తల్లి ఒడిలోనుండగనే కీర్తనలు విని కంఠస్థము చేసికొనియుండెను. అక్షరములు కొన్ని వచ్చిన తరువాత ఆ పుస్తకము తెరచినప్పుడు, నోటికి వచ్చిన మాట కంటికి కనబడెను. వ్రేలు పెట్టి పాడుచు పోగా, ఏ యక్షరము ఏ మాటదో వానికే తెలిసిపోయెను. నాట్లకు పోయి వచ్చి, సాయంకాలము ఆ పుస్తకమునుండియే చదువ నేర్చుకొనిన వృద్ధురాండ్రు మన సంఘములలో ఉండిరి. వార్తాపత్రిక చదువలేనివారు కీర్తన మాత్రము తడబాటు లేక చదువుచుండిరి. ఈ ఉపాయము ఏ శిక్షణ కళాశాలయు చెప్పలేదు. నోటిలో నున్నదే పుటలో నున్నప్పుడు పిల్లవాడు చదువును. కొమేనియస్ బిషప్పు బొమ్మతో చేసినది మన తల్లులు పాటతో చేసిరి.

ఈ సత్యమును పట్టుకొని జీవితమంతయు పోరాడిన ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన 1863లో శ్రీకాకుళము ప్రాంతమున పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిరి. చుట్టుప్రక్కల కొండలలో సవరలుండిరి. వారి పిల్లలకు తెలుగులో చదువు చెప్పిన తలకెక్కదని కనిపెట్టి, ఆయన ముందు తాను సవరభాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. పంతులు పిల్లవాని భాష నేర్చుకొనుట! ఈ వరుసను గమనింపవలెను. 1906 ప్రాంతమున ఉత్తరపు జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సుదొర, తెలుగుపిల్లలు బడిలో చదువు తెలుగును ఇంట మాటలాడు తెలుగును వేరుగా నుండుట ఏమని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గిడుగువారిని, గురజాడవారిని, విశాఖపట్టణపు శ్రీనివాసయ్యంగారిని కదిలించినది. సవరపిల్లవాని కష్టమే తెలుగుపిల్లవాని కష్టమని పంతులుగారు గ్రహించిరి. 1913లో ఆధునికాంధ్ర భాషనుగూర్చి ఇంగ్లీషులో విజ్ఞాపన ప్రకటించిరి. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రిక నడిపిరి. 1940లో మరణించువరకు వాదము మానలేదు. మనము దీనిని కవుల జగడమని తలంతుము. మొదట అది తరగతిగది జగడము.

ఈ పత్రికలోని భాషను చూచి, పంతులుగారిని పొగడువాడు ఇట్లు వ్రాయనేల యని ఎవరైనను నవ్వవచ్చును. మన సంఘములవారి చెవులు పాత బైబిలు తెలుగునకు అలవాటుపడినవి. పెద్దవారు దానిని భరింతురు, కొందరు ప్రేమింతురు కూడ. ఆరేండ్లవాని వాచకమునకు మాత్రము ఇది తగదు. దైవశాస్త్ర పాఠశాలలో మాకు గ్రీకు నేర్పినప్పుడు నెలల తరబడి విభక్తులే గాని ఒక్క కథయు లేదు. మీసములు వచ్చినవారము గనుక ఓర్చుకొంటిమి. చిన్నవాడు ఓర్చుకొనడు, బడి మానును.

రష్యాలో టాల్‌స్టాయి ప్రభువు 1859లో తన యూరి రైతుల పిల్లలకు బడి పెట్టి, వారి మాటలు, వారి కథలు చెవియొగ్గి విని, 1872లో ఒక అక్షరపుస్తకము వ్రాసెను. అంత పెద్ద నవలలు వ్రాసినవాడు నాలుగు వాక్యముల కథకొరకు అంత కష్టపడనేల యని ఆ దేశమున కొందరు వింతపడిరట. నాలుగు వాక్యముల కథలు వ్రాయ ప్రయత్నించినవారికి ఆ కష్టము తెలియును.

మన తెలుగులో ఆ పని చేసినవారు ఆలస్యముగానైనను వచ్చిరి. చింతా దీక్షితులుగారు సూరి, సీతి, వెంకి అను పిల్లల ముచ్చట్లు వ్రాసిరి. 1945లో న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును ‘బాల’ పత్రికను ప్రారంభించిరి. 1947 జూలైలో ‘చందమామ’ వెలువడెను. దాని వెనుక నిలిచిన చక్రపాణిగారు మనకు దాపుననున్న తెనాలివారు; 1952నుండి 1980లో మరణించువరకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే. కథ ఎంత పాతదైనను భాష తేట. పుటకొక బొమ్మ. పల్లెలో ఒక ప్రతి వచ్చిన పది యిండ్లు తిరుగును. చదువు రాని ముసలివారిని చుట్టు కూర్చుండబెట్టుకొని మనుమడు చదివి వినిపించును. ఏ ఇన్‌స్పెక్టరు దొరయు రాకుండగనే పిల్లలు తడబాటులేక చదువ నేర్చిరి. ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయినది. ఆ చోటు ఇంకను ఖాళీగనే యున్నదని నా యభిప్రాయము.

విజయవాడ ఏలూరు రోడ్డులో విశాలాంధ్రవారి దుకాణమున సోవియట్ దేశపు పిల్లల పుస్తకములు దొరకుచుండెడి కాలము నడివయస్సు దాటినవారికి జ్ఞాపకముండును. దళసరి కాగితము, రంగుల బొమ్మలు, చేతికందు వెల. దేవుడు లేడను ప్రభుత్వపు పుస్తకములు మన పిల్లలకెందుకని కొందరు పాదుర్లు అభ్యంతరపడిరి. వారి జాగ్రత్తను నేను త్రోసివేయను. అయితే ఆ బొమ్మలలోని తాతయు, ఎలుగుబంటియు, మంచులోని గుడిసెయు ఏ పిల్లవాని విశ్వాసమును చెరిపినట్లు నేను వినలేదు. మనము అంత యందమైన పుస్తకమును అంత తక్కువ వెలకు ఇయ్యలేకపోతిమి గదా యను విచారమే ఎక్కువ తగినది. 1991లో ఆ దేశమే విడిపోవుటతో ఆ పుస్తకములును నిలిచిపోయినవి.

నేటి సంగతికి వత్తము. 1987లో కేంద్రప్రభుత్వము ‘నల్లబల్ల పథకము’ పేర ప్రాథమిక పాఠశాలలకు గదులు, రెండవ ఉపాధ్యాయుడు, నల్లబల్ల, ఆటవస్తువులు, వాటితోపాటు పిల్లల పుస్తకములు ఇయ్యబూనినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలలోను గ్రంథాలయముండవలెననియు, దానిలో కథల పుస్తకములుకూడ నుండవలెననియు వ్రాసినది. కథలపుస్తకమును చట్టములోనికి ఎక్కించిన దేశము మనది! 2021లో మొదలైన ‘నిపుణ్ భారత్’ మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువవలెనని గురి పెట్టినది. ఆంధ్రప్రదేశములో 2020–21నుండి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు వచ్చినవి. ప్రక్కప్రక్కన రెండు భాషలను చూచినప్పుడు కొమేనియస్‌గారు సంతోషించియుందురు. పంతులు తెలుగు పుటను దాటవేసి ఇంగ్లీషు పుటనే వల్లింపజేసినయెడల సంతోషింపరు.

పుస్తకములు లేకపోవుటకన్న పెద్ద కష్టము తాళముచెవి. ఒక గ్రామమున బడికి పోయి చూచితిని. బీరువాలో నూరింటికి పైగా కథలపుస్తకములు, కొన్ని అట్ట విప్పనివి, చక్కగా పేర్చియున్నవి. పిల్లలకు ఇత్తురా యని అడిగితిని. “చినిగితే నా మీద పడుతుందండి, స్టాకు రిజిష్టరులో నా సంతకం ఉంది” అని ఉపాధ్యాయిని చెప్పినది. ఆమె చెడ్డది కాదు. ఎండలో రెండు బస్సులు మారి వచ్చి పాఠము చెప్పు మనిషి. చినిగిన పుస్తకమును నేరముగా ఎంచు లెక్కల పద్ధతి ఆమెను భయపెట్టినది. చదివిన పుస్తకము చినుగును. పదేండ్లు చినుగని పుస్తకము ఎవ్వరికిని పనికిరాలేదన్నమాట.

ఇక ఎట్లు ఎన్నుకొనవలెను? మంగళగిరి మగ్గాల వీధిలో పుట్టిన బిడ్డను తలంచుడి. పడుగు, పేక, నాడె, రాట్నము, కండె, గుంటమగ్గము, ఈ మాటలు వాడు పాలతోపాటు త్రాగినాడు. ఊరెక్కడనుండి చూచినను కనబడు గాలిగోపురమున పదునొకండు అంతస్తులున్నవని వానికి తెలియును; లెక్కలు దానితోనే మొదలుపెట్టవచ్చును. దుగ్గిరాలవైపు పోయినయెడల పసుపుకొమ్ములు ఉడుకు వాసన తెలియని పిల్లవాడు లేడు. వానికి మన వాచకము చూపు మొదటి మాటలలో ‘ఋషి’ యొకటి, ‘ఐరావతము’ ఇంకొకటి. వాడు ఋషిని చూడలేదు, తెల్లయేనుగును చూడలేదు. వానిని తరువాత చూపవచ్చును. మొదటి పుస్తకమున వాని తల్లి, వాని గేదె, వాని మగ్గము, వాని కాలువ కనబడవలెను. తనవంటి పిల్లవాడు, తన తండ్రివంటి కూలివాడు, తన పేటవంటి పేట అచ్చులో కనబడినప్పుడు, ఈ పుస్తకము నాదే యని వాడు అనుకొనును. మన పిల్లలకు ఈ యనుభవము ఇతరులకన్న అరుదుగా దొరకినది గనుక, ఇతరులకన్న ఎక్కువగా వెదకవలెను.

అక్షరములు పెద్దవిగా, పుటకు రెండు మూడు వాక్యములకు మించక యుండవలెను. బొమ్మ కథను చెప్పవలెను. కథలో కుక్క గోధుమరంగుదైతే బొమ్మలోను గోధుమరంగుదే కావలెను. పిల్లలు ఈ తప్పును పట్టినంత త్వరగా పరీక్షాధికారులు పట్టలేరు. కొనుటకు ముందు బిగ్గరగా రెండు పుటలు చదివి చూడుడి. మీ నాలుక తడబడినయెడల వాని నాలుకయు తడబడును.

నీతినిగూర్చి ఒక మాట. నేను బోధకుడను, నీతి చెప్పుట నా పని. అయినను కథ చివర ‘కాబట్టి పిల్లలారా’ యని మొదలు పెట్టు పుస్తకమును చూచిన నాకు భయము. మన ప్రభువు ఉపమానములు చెప్పి, అనేక పర్యాయములు అర్థము విప్పకనే వెడలిపోయెను. వినినవారు ఇండ్లకు పోయి ఆలోచించుకొనిరి. అబద్ధమాడిన నక్క బావిలో పడిన తరువాత, అబద్ధమాడరాదని వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పినయెడల పిల్లవాడు నక్కను మరచి మన ముఖము చూచును.

వాడుకయందు అన్నిటికన్న సులువైనది, అన్నిటికన్న మానివేయబడినది బిగ్గరగా చదివి వినిపించుట. ప్రతిదినము పది నిమిషములు చాలును. పంతులు రాత్రి ఇంట ఒకసారి చదువుకొని రావలెను. పుస్తకపు బొమ్మ పిల్లలవైపు త్రిప్పి పట్టుకొనవలెను. పుట త్రిప్పుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. ఏమగునో యని వారే ఊహింతురు. ముగియగనే ప్రశ్నలు వేసి పరీక్ష చేయరాదు. మరునాడు అదే పుస్తకము అడిగినయెడల విసుగుకొనక అదే చదువవలెను. నాలుగవ నాటికి ఒక చిన్నది పుస్తకము చేతపట్టుకొని కంఠతా వచ్చిన కథను పుట పుటకు ‘చదువును’. అది చదువు కాదని త్రోసివేయకుడి. కీర్తనల పుస్తకముతో మన అవ్వలు నేర్చినది అట్లే గదా. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదవ తరగతివాడు ఒకటవ తరగతివానికి చదివి వినిపించవచ్చును. ఆండ్రూ బెల్ మద్రాసునుండి మోసికొనిపోయిన మన యరుగుల మేలు మనకే తిరిగివచ్చును.

తరువాత పుస్తకము ఇంటికి పోవలెను. అక్షరము రాని తల్లికి చదివి వినిపించు పిల్లవానికి అంతకన్న మంచి శ్రోత దొరకదు. ఆమె తప్పులు పట్టదు. ఎవరు ఏ పుస్తకము తీసికొనిపోయిరో వ్రాసియుంచు పని ఒక పిల్లవానికే అప్పగింపవలెను. నేనెరిగిన బడులలో ఈ పని అప్పగింపబడిన పిల్లలు పెద్దలకన్న కఠినముగా లెక్క అడుగుదురు.

బడిలో బీరువా తెరువబడనియెడల సంఘము ఏమి చేయగలదని మీరు అడుగవచ్చును. దేవాలయపు వెనుక బల్లమీద ఒక పెట్టె పెట్టుడి, తాళము లేనిది. ప్రతి జనవరిలో విజయవాడలో పుస్తక మహోత్సవము జరుగుచున్నది. నేషనల్ బుక్ ట్రస్టువారి పుస్తకములు, మంచి పుస్తకము అను సంస్థవారి పుస్తకములు అక్కడ దొరకును. ఒక నాటుకోడి వెలకు నాలుగైదు వచ్చును. కోత పండుగనాడు ఇంటికొక పుస్తకము తెచ్చినను పెట్టె నిండును. ఏ మతపు బిడ్డయైనను తీసికొనిపోవచ్చునని పెట్టెమీద వ్రాయుడి. ఆదివారము సాయంకాలము చినిగినవాటిని ఏరి, పిల్లలనే కూర్చుండబెట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికింపవచ్చును. ఊడిన పుటలు కుట్టుటకు మంగళగిరిలో నూలుకు కొదువ లేదు.